అక్క పెట్టిన బాతు పేరు

నా పేరు పార్నెల్. అది ఆడవాళ్ళ పేరని నాకూ తెలుసు, ఎవరూ గుర్తు చెయ్యక్కర్లేదు. నాకంటే ముందు మా ఇంటి బాతుకి పెట్టిన పేరని కూడా తెలుసు. అంతా మా అక్క ఇడొనీ చలవే.

నేను పుట్టిన పొద్దున నాన్న పొలంలో ఉన్నాడు. అమ్మకి రక్తం ఆగడం లేదు. మంత్రసాని గోడితా అవ్వ ఆ కంగారులో, ఏడవకుండా నీలంగా ఉన్న నన్ను గుడ్డలో చుట్టి పద్నాలుగేళ్ళ అక్క చేతుల్లో పడేసింది.

"ఫాదర్ వచ్చేదాకా ఆగేలా లేదే ఈ బిడ్డ. నువ్వే జ్ఞానస్నానం ఇచ్చెయ్. మాటలు తెలుసుగా?"

"తెలుసవ్వా. మరి పేరో?"

"ఏదో ఒకటి. ఇవ్వకుండా ప్రాణం పోతే పూడ్చడానికి చర్చి మట్టిలో చోటు కూడా దొరకదు. కానియ్యి."

అక్క ఆడో మగో చూసుకోలేదు. తెలిసిన పేర్లన్నీ మరిచిపోయింది. గుమ్మంలో బాతు అరుస్తోంది. పొద్దున్నుంచీ దాన్ని పేరు పెట్టి తిడుతూనే ఉంది, నోటికి ఆ పేరొక్కటే వచ్చింది.

"పార్నెల్, పిత, పుత్ర, పవిత్రాత్మ నామమున నీకు జ్ఞానస్నానం ఇస్తున్నాను" అనేసి నెత్తిన నీళ్ళు పోసింది. నేను కెవ్వుమన్నాను.

అమ్మ గండం గట్టెక్కాక నాన్న వచ్చి గుడ్డ విప్పి చూశాడు. "మగపిల్లాడికి బాతు పేరా? మతుండే పెట్టావా?"

ఒకసారి ఇచ్చిన జ్ఞానస్నానం మళ్ళీ ఇవ్వకూడదు, పేరూ మారదు. మాటలు తప్పితేనే ఫాదర్ మొదటినుంచి చేస్తాడు. అందుకని చర్చి దారంతా నాన్న అక్కని పోరుతూనే ఉన్నాడు.

"తడబడ్డానని చెప్పు తల్లీ. వీడికి రాబర్ట్ అని పెట్టుకుందాం."

అక్కకి ఒకటే దడ. నిజం చెబితే తమ్ముడు బతికినన్నాళ్ళూ నవ్వులపాలు. అబద్ధమాడితే పాపం. నిజంగానే తడబడ్డానేమోనని ఇంకో భయం.

చర్చి గుమ్మంలో ఫాదర్ అడిగాడు. "ఏం మాటలన్నావమ్మా? ఉన్నదున్నట్టు చెప్పు."

నా పెదాలు ఇంకా నీలంగానే ఉన్నాయట. అక్క వాటినే చూస్తూ, ఒక్క అక్షరం పొల్లుపోకుండా పార్నెల్‌తో సహా అప్పజెప్పింది.

"చెల్లుతుంది" అన్నాడు ఫాదర్, నవ్వు ఆపుకుంటూ.

"ఎందుకే ఇలా చేశావ్?" అన్నాడు నాన్న తిరిగొస్తూ.

"దేవుడు విన్న మాటలు నాన్నా అవి. అనలేదంటే వీణ్ణి వదిలేస్తాడేమోనని భయమేసింది" అని అక్క భోరుమంది.

ఆ ఏడు పండక్కి బాతుని కొయ్యడానికి ఇంట్లో ఎవరికీ చేతులు రాలేదు. ఊళ్ళో పిల్లలు నన్ను చూస్తే బాతులా అరిచేవాళ్ళు. పెద్దయ్యాక ఒళ్ళుమండి, ఇకమీదట నన్ను రాబర్ట్ అనే పిలవమన్నాను. అందరూ సరేనన్నారు. అక్క ఒక్కతే ఒప్పుకోలేదు.

"ఆ పేరు పెట్టి పిలిస్తేనే కదరా నువ్వు మొదటి ఊపిరి పీల్చుకున్నది" అంది.

అప్పట్నుంచీ ఆ పేరుతో ఎవరు పిలిచినా పలుకుతున్నాను.