ఎర్రగుడ్డ కట్టిన కొబ్బరికాయ

1926 జూన్ 13, ఆదివారం. రంగూన్, లమ్మడా. ఉన్నవారు: నేను, మా అక్క భర్త సూర్యం బావ, ఇంటి యజమానురాలు డా మ్యా.

దయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. పదహారో ఏట నుంచి డైరీ రాస్తున్నాను, చూసిందే రాస్తాను. ఇదీ అలా రాసుకున్నదే.

ఆ ఏడు మే నెలలో, పాత టేకు ఇంటి మేడమీద ఒక చిన్న గది అద్దెకు తీసుకున్నాను. వంట, పడక అన్నీ అందులోనే. మూల దూలానికి ఎర్రగుడ్డ చుట్టిన కొబ్బరికాయ వేలాడుతుండేది. అది ఇంటిని కాచే నాట్‌ది, అంటే బర్మావాళ్ళ దేవుడిది. ఆయన మంటల్లో కాలి చనిపోయాడనీ, కొబ్బరినీళ్ళే ఆయన ఒంటికి చల్లదనమనీ, ముట్టుకోవద్దనీ డా మ్యా వచ్చీరాని హిందుస్తానీలో చెప్పింది. అదీ డైరీలో రాసుకున్నాను.

జూన్ 12, శనివారం రాత్రి బావ విశాఖపట్నం నుంచి ఓడలో వచ్చాడు. సోమవారం చౌక్తడా పేటలోని ఒక ఆఫీసులో గుమాస్తా పనికి చేతిరాత పరీక్ష. పని దొరికితే అక్కనీ, పసిపిల్లనీ రప్పించుకోవాలని అతని ఆశ.

ఆదివారం ఉదయం నేను నీళ్ళబిందెతో ముందు మెట్లెక్కుతుంటే డా మ్యా అడ్డుకుంది. "కోరంగీలకు వెనక మెట్లు" అంది. తెలుగువాళ్ళను అక్కడ అలాగే అనేవారు. బిందె లాక్కుని వీధి అంతా చూస్తుండగా నీళ్ళు నా కాళ్ళమీద కుమ్మరించింది. ఆమెకు నొప్పి తగిలేలా ఏదైనా చెయ్యాలనిపించింది.

గదిలో బావ పరీక్ష కోసం దేవుడి పటం ముందు కూర్చున్నాడు. "కొబ్బరికాయ నేదేట్రా?"

నేను మూలన వేలాడుతున్నదాన్ని చూపించాను.

"ఎర్రగుడ్డ కట్టినారేటి?"

"పూజకే, బావా."

"నీ ఇంటికి నాకంటే ముందే దేవుడొచ్చీసినాడన్నమాట" అని నవ్వుతూ దింపి, గడపమీద కొట్టాడు. నీళ్ళు అతని కుడి అరచేతిలోంచి కారాయి.

"ఒరే, ఈ నీలు కాల్తన్నాయేట్రా?"

వేళాకోళం అనుకుని చిప్పలో మిగిలిన నీళ్ళలో నేనూ వేలు ముంచాను. చల్లగా ఉన్నాయి. పొయ్యి ఇంకా వెలిగించలేదు. మధ్యాహ్నానికి బావ అరచెయ్యి, అయిదు వేళ్ళు బొబ్బలెక్కాయి. కొబ్బరి ఇద్దరం తిన్నాం. నాకేమీ కాలేదు.

సోమవారం ఉదయం డా మ్యా కొత్త కాయతో పైకి వచ్చింది. ఖాళీ తాడు చూసింది, బావ చెయ్యి చూసింది. "ఎవరు కొట్టమన్నారు?" అని హిందుస్తానీలో అడిగింది. చూపు మాత్రం నామీదే ఉంది.

నేను నోరు తెరిచేలోగా, హిందుస్తానీ కాస్త తెలిసిన బావ అన్నాడు, "ఎవులూ చెప్పనేదు. నానే కొట్టినాను." ఆ కాయ నాట్‌దని నాకూ తెలియదనే అనుకున్నాడు. తెలిసే చూపించానని నేను చెప్పలేదు.

ఆమె కొత్త కాయ కట్టి దిగిపోయింది.

తొమ్మిదింటికి బావ చేతికి గుడ్డ చుట్టుకుని వెళ్ళాడు. పదిన్నరకల్లా తిరిగొచ్చాడు. కలం పట్టలేనివాడితో పనేమిటని గుమ్మంలోంచే పంపేశారట.

ఎలా కాలిందో, పగబట్టిన నేనుండగా ఏమీ తెలియని ఆ చెయ్యే ఎందుకు కాలిందో నాకు నేటికీ అంతుబట్టలేదు.

బావ నన్ను కాగితం తీయమన్నాడు. అతను చెబుతుంటే మా అక్కకు ఉత్తరం నేనే రాశాను. ఇప్పట్లో రావద్దని.