పెద్ద గుంట

పైడయ్యను చూసి నవ్వేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. మలేషియాలో, బంటింగ్ పామాయిల్ తోటల్లో నలభై ఏళ్లు గెలలు కోసి, యజమానులు తోట అమ్మేశాక ఫ్యాక్టరీ గేటు దగ్గర కాపలా కాస్తున్నాడు. నాలుగేళ్ల కిందట పెద్ద కూతురు మోహనప్రియ తమిళుడైన తిబన్‌ను చేసుకుంటే ఆమెతో మాటలు మానేశాడు. ఈసారి ఆ పిల్లే ఫోన్ చేసింది. దీపావళి ముందురోజు, బెస్తారి జయలోని తన ఇంట్లో, చనిపోయిన తల్లి నూకమ్మకు పెద్దల పూజ. "నీ చేత్తో పెట్టు నాన్నా. పన్నెండు దాటితే మాత్రం ఆగం."

పండగ రద్దీకి బస్సుల్లో చోటు లేదు. తెలుగు సంఘం వాట్సాప్‌లో ఉదయ్‌కిరణ్ అనే అతను తన కారులో ఇద్దరికి చోటుందన్నాడు. విజయవాడ నుంచి వచ్చి సైబర్‌జయలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాడు. ముందు సీట్లో పైడయ్య, ఒళ్లో అరిటాకుల సంచి. పక్కింటివాణ్ణి గనక తోడుగా నేను వెనక.

"ఎక్కడ దిగుతారంకుల్?"

"బెస్తారి జయల, పెద్ద గుంట కాడ బాబూ. పెద్దోల్లకి పెట్టాల."

"ఓ, అర్థమైంది."

"పన్నెండులోగా సేరతామా ఏటి?"

ఉదయ్‌కిరణ్ పగలబడి నవ్వాడు. "ఏటి కాదంకుల్, ఏంటి. ఇంకోసారి అనండి, మా ఫ్రెండ్స్‌కి పంపుతా." ఫోన్ ఎత్తాడు. పైడయ్య నవ్వుతూ మళ్లీ అన్నాడు.

అవమానమని తెలియక కాదు, కారు వాడిది గనక నవ్వాడు. నాకు తెలుగు చదవడం వచ్చు, అదీ నా అంతట నేను నేర్చుకున్నదే. వాడి మొహాన కొట్టేంతగా మాట్లాడటం మాత్రం రాదు. చెవుల్లో పాటలు పెట్టుకుని కళ్లు మూసుకున్నాను.

తెరిచేసరికి కారు ఆగి ఉంది. ఎదురుగా ఎప్పుడో తగరం తవ్వి వదిలేసిన చెరువంత గొయ్యి, నిండా నీళ్లు. మనిషి జాడ లేదు. టైము పదకొండూ నలభై.

"ఇక్కడాపినావేటి బాబూ?"

"మీరేగా పెద్ద గుంట అన్నారు. పెద్దలకు పెట్టాలంటే నీళ్ల దగ్గరేగా. ఇక్కడ గుంటలు బోలెడున్నాయి, మ్యాప్‌లో వెతికితే ఇదే పెద్దది."

"నా గుంట బాబూ. నా కూతురు."

మా వాళ్లకు గుంట అంటే ఆడపిల్ల. ఈ మాట వాడికి తెలియదు. తెలిసిన నేను మూతి ముడుచుకుని పాటలు విన్నాను. నాకు బాగా వచ్చిన తమిళంలో వాణ్ణి తిట్టాను. ఆ తిట్లలో సగం నాకే చెందుతాయి.

ఊళ్లోకి రోడ్డంతా పండగ బళ్లే. ఇల్లు చేరేసరికి ఒంటిగంట. మోహనప్రియ గుమ్మంలోనే నిలబడింది.

"నాలుగేళ్లకి రమ్మంటే ఇప్పుడా వచ్చినావు?"

"రోడ్డంతా జామ్ అమ్మా," అన్నాడు పైడయ్య. ఉదయ్‌కిరణ్ ఏదో చెప్పబోతే చేత్తో ఆపాడు. "ఎవులు పెట్టినారు?"

"ఆయనే."

తలుపు వెనక తిబన్ తలదించుకుని ఉన్నాడు. పైడయ్య నూకమ్మ ఫోటో ముందు అప్పటికే వడ్డించి ఉన్న ఆకు వంక చూశాడు. తర్వాత చెప్పులు విడిచి, ఉదయ్‌కిరణ్‌ని కూడా లోపలికి పిలిచాడు. నేను వెళ్లలేదు, గుమ్మం బయటి నుంచే చూశాను. వాడి పక్కన తినడం నా వల్ల కాదు.

కూతురు వడ్డించింది. ఒక ముద్ద తిని పైడయ్య మొదటిసారి తిబన్ వైపు తిరిగాడు.

"ఉప్పు సాల్లేదు."

ఉప్పు అన్నది తప్ప మిగతాది అర్థం కాక తిబన్ పెళ్లాం వంక చూశాడు. ఆమె తమిళంలో చెప్పింది. అతను గబగబా వంటింట్లోకి వెళ్లాడు.