చన్నీళ్ళతో కలిపిన బియ్యప్పిండి

నా చిన్నప్పుడు మేము రాయ్‌పూర్‌లో, తెలీబంధా చెరువుకు దగ్గరలో, రెండు గదుల ఇంట్లో ఉండేవాళ్ళం. ఈ సంగతి జరిగేనాటికి నాకు తొమ్మిదేళ్ళు నిండి నాలుగు నెలలు. శనివారమని గుర్తుంది గాని తేదీ రాసుకోలేదు. అప్పటికింకా ఆ అలవాటు లేదు.

తమ్ముడికి జ్వరం. అమ్మ మూడు రాత్రులు వాడి పక్కన కూర్చునే ఉంది. నాన్న గూడ్సుబండి గార్డు. ఆ సాయంత్రం డ్యూటీకి వెళితే నాలుగో రోజుకు గాని రాడు. దారిలో తినడానికి చేగోడీలు చేద్దామని, అంత అలసటలోనూ అమ్మ బియ్యం నానబోసి, దంచి, జల్లించింది. తర్వాత గోడకు చేరగిలబడి, "పావుగంట నడుం వాలుస్తానే, లేపు" అంది. నేను లేపలేదు. నేనే చేసిపెడితే ఆమె పడుకోవచ్చు కదా అనుకున్నాను.

అమ్మ చేగోడీల పిండి కలపడం నేనెన్నడూ చూడలేదు; బడి నుంచి వచ్చేసరికి చుట్టడమే మిగిలేది. చూసిందల్లా పక్కింటి పిన్ని, మేము కాకీ అని పిలిచే ఆవిడ, రొట్టెలకు గోధుమపిండి కలపడం. అలాగే ఉప్పు, కారం, వాము వేసి, చన్నీళ్ళు పోసి పిసికాను. తాడులా పామితే ముక్కలయింది. ఉంగరంలా వంచితే పగిలింది. ఇంకా గట్టిగా నొక్కాను. పదకొండు చుడితే పదకొండూ విరిగాయి. ఇంట్లో ఉన్న పిండంతా అదే. అది పాడైతే అమ్మ లేచి మళ్ళీ రోలు దగ్గరకే వెళ్ళాలి. పళ్ళెం పట్టుకుని పెరట్లో నిలబడి ఏడ్చాను.

"కా హోగే నోనీ?" అంది గోడ అవతలి నుంచి కాకీ, ఏమైంది పిల్లా అని. ఆమెది ఛత్తీస్‌గఢీ, మాకు అర్థమయ్యేది. పిండిని వేళ్ళతో నలిపి చూసి నవ్వింది. "చన్నీళ్ళు పోశావా? అన్నం తినే ఇంట పుట్టి రొట్టెలవాళ్ళ వేషాలా!"

"అమ్మ పడుకుంది కాకీ. లేపొద్దు."

ఆమె నవ్వు ఆపేసింది. "అయితే మా వంటింటికి పద."

ముందు గోధుమపిండి ముద్ద ఇచ్చి లాగమంది. సాగింది. నా పిండిని లాగమంది. తెగింది. "దీన్ని బలంతో వంచలేవు. ఆవిరి పట్టనీ, అదే వంగుతుంది." పిండిని పిడికెడేసి ముద్దలు చేసి, మరిగే నీళ్ళ గిన్నెకు గుడ్డ కట్టి దానిమీద ఉడికించింది. వేడి తగ్గకముందే నూనె చేత్తో మర్దించి నాకిచ్చింది. ఇందాకటి పిండే సన్నటి తాడైంది, వేలికి చుట్టుకుంది, కొసలు నొక్కితే అతుక్కుంది. నేను చుట్టాను, ఆమె వేయించింది. అరవై రెండయ్యాయి. చల్లారాక ఒకదాన్ని వంచబోతే టప్పున విరిగింది. "ఇక అది ఎవరి మాటా వినదు" అంది కాకీ.

నాలుగింటికి అమ్మ ఉలిక్కిపడి లేచింది. డబ్బా చూసి, "ఏటే ఇవి? ఎవులు సేసినారు?" అంది. చెప్పాను. ఒకటి కొరికి, "ఉప్పు సాల్లేదు" అని, పక్కకు తిరిగి మళ్ళీ పడుకుంది. పగటిపూట అమ్మ రెండుసార్లు పడుకున్న రోజు నాకు తెలిసి అదొక్కటే.

ఇప్పుడు నా వేళ్ళే సరిగ్గా వంగవు, పిండి కలిపితే భుజం లాగేస్తుంది. అయినా చేతిలో ఏదైనా పగులుతుంటే ఇంకా గట్టిగా నొక్కను. దానికి కావలసింది ఏమిటో చూస్తాను. మనుషుల విషయంలో ఈ పద్ధతి సగం సార్లే పనిచేసింది. మా కోడలు ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ చేసి వచ్చి, పదింటికి లేపమని చెప్పి పడుకుంటుంది. పదవుతుంది, పదింబావు అవుతుంది. నిద్రపోతున్న మనిషిని లేపడానికి ఇప్పటికీ నాకు చెయ్యి రాదు.