చిన్న లీకుకు డబ్బాడు పసుపు

మొన్న బారిడీహ్‌లో మా అమ్మాయి ఇంటి దగ్గర, తన కారును సర్వీసింగు నుంచి తెచ్చిన మెకానిక్ తాళాలు నా చేతిలో పెడుతూ, "ఏం లేదమ్మా, చిన్న లీకు ఉంది, కాస్త చూసుకుంటూ ఉండండి" అన్నాడు. పాపం, మర్యాదగానే చెప్పాడు. నాకే ఒళ్ళు మండిపోయింది. లోకంలో చిన్న లీకు అనేది లేదు బాబూ, లీకు ఉంటుంది, లేకపోతే ఉండదు, అని గుమ్మంలో నిలబెట్టి క్లాసు పీకాను. లోపలి నుంచి మా అమ్మాయి "జానే దో, అమ్మా, పోనీలే" అంటూనే ఉంది. తనకేం, ఎన్నయినా అంటుంది. 'చిన్న లీకు' అన్న ఆ రెండు మాటలు వింటూ కాపురం చేసింది నేను.

మాకు పెళ్ళయి నేను ఉక్కు మిల్లు వాళ్ళ బర్మామైన్స్ క్వార్టరుకు కాపురానికి వచ్చేసరికే ఆ కారు మా వరండా పక్కన ఉంది. యుద్ధానికి ముందు తయారైన ఇంగ్లీషు కారు. మావారు పనిచేసే రోలింగ్ మిల్లులో ఒక దొర స్వదేశానికి వెళ్ళిపోతూ దాన్ని ఈయనకు అప్పగించి పోయాడు. దొర ఓడెక్కేటప్పుడు కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడని మావారు గొప్పగా చెప్పేవారు. వదిలిపోయిందన్న సంతోషంతో పెట్టుకుని ఉంటాడని నా అనుమానం. పైనుంచి నూనె, ముందు నుంచి నీళ్ళు, అడుగు నుంచి ఏమిటో ఎవరికీ తెలియని జిడ్డు, మొత్తానికి ఆ కారు కారని రోజు లేదు. దాని కింద పెట్టడానికి నా వంటింట్లోంచి ముందు పాత సత్తు పళ్ళెం వెళ్ళింది, తర్వాత పాలగిన్నె, ఆపైన మా అమ్మ సారెలో పెట్టిన ఇత్తడి తాంబాళం. అడిగితే ఒకటే జవాబు: "ఏటీ కాదే, సిన్న లీకు. ఒక్క సుట్టు కసేత్తే బంద్." కసేయడమంటే బిగించడం. మిల్లు మనుషులకు సగం మాటలు హిందీలోనే పుడతాయి.

నా తాంబాళం పోతే పోయిందని ఊరుకునేదాన్నే. కానీ మా ఆడపడుచుకు పెళ్ళి కుదిరింది. పెళ్ళికొడుకు వాళ్ళది ఆ ఊళ్ళోనే టెల్కో కాలనీ. మా మామగారు పోయే ముందు కూతురి చెయ్యి కొడుకు చేతిలో పెడితే, ఈయన "దీన్ని నా కారులో సర్చికి తీసుకెల్తాను నాన్నా" అని మాట ఇచ్చారట. అప్పటికి కారు లేదు, కారు వచ్చే దారీ లేదు, మాట మాత్రం ఇచ్చేశారు. ఆ పిల్ల అదే పట్టుకుని కూర్చుంది. బట్టలు కుడుతూ కుడుతూ తలెత్తి, "వదినా, కారులో ఎల్తే మేలుముసుగు నలగదు గదా?" అని అడిగేది. నలగడం మాట దేవుడెరుగు. ఇంజను పైమూత దగ్గర కారే నూనె కాలుతున్న గొట్టం మీద పడి పొగై, ఆ పొగంతా లోపలికి వచ్చేది. బజారుకు వెళ్ళి వస్తేనే నా ముక్కుపుటాలు నల్లబడేవి. తెల్లచీర కట్టుకున్న పెళ్ళికూతురు అందులో చర్చికి చేరితే ఏ రంగులో దిగుతుందోనని నాకు బెంగ. ఆ పిల్లకు చెప్పడానికి నోరు రాదు, ఈయనకు చెబితే చెవికెక్కదు.

మావారి చిక్కు ఏమిటంటే ఆయనకు తెలిసిన యంత్రాలన్నీ మా క్వార్టరు కంటే పెద్దవి. మిల్లులో బోల్టు బిగించాలంటే పానా పిడికి పొడుగాటి గొట్టం తొడిగి ఇద్దరు మనుషులు దాన్ని పట్టుకుని వేలాడతారు. అక్కడ అలా బిగిస్తేనే నిలుస్తుంది మరి. ఆ అలవాటు కొద్దీ కారు పైమూత బోల్టులకూ గొట్టం తొడిగారు. అదేమో పలుచని రేకు. దాని కింద సీసా బిరడాలు చేసే బెండుతో చేసిన ప్యాకింగు. బిగించినకొద్దీ బోల్టుల దగ్గర రేకు గుంటలు పడి మధ్యమధ్య పైకి లేచింది, బెండు నలిగి పక్కకు ఉబికింది, నూనె ఇంకాస్త ధారాళంగా కారింది. కారితే ఏం చేశారు? ఇంకాస్త బిగించారు. షిఫ్టు దిగి వచ్చిన స్నేహితులు కూడా తలా ఒక చెయ్యి వేశారు. అందరూ మిల్లువాళ్ళే, అందరిదీ ఒకటే వైద్యం. చివరికి ఒక బోల్టు పుటుక్కున తెగి నా తులసి... కాదు కాదు, మాకు తులసికోట లేదు, నా కొత్తిమీర మడిలో పడింది. అప్పుడు నేను అన్నాను: "మీ చెల్లెలు రిక్షాలో వెళుతుంది. నేను మాట్లాడేశాను." నిజంగానే వీధి చివర రిక్షా అతనితో చెప్పి వచ్చాను. ఈయన భోజనం దగ్గర కూడా నాతో మాట్లాడటం మానేశారు.

దాన్ని బాగుచేసింది ఎవరనుకున్నారు? ఆ పెళ్ళికూతురే. రిక్షా మాట వినగానే గుడ్ల నీళ్ళు కుక్కుకుని, కత్తెర పట్టుకుని వరండాలోకి వచ్చింది. అన్నగారి చేత మూత ఊడదీయించింది. వంగిన అంచును నా బట్టలుతికే బండ మీద బోర్లించి, చెక్క సుత్తితో చదును చేయమంది. కొత్త బెండు రేకు తెప్పించి, దాని మీద మూత పెట్టి పెన్సిలుతో గీసుకుని, రవిక గుడ్డ కత్తిరించినట్టు ప్యాకింగు కత్తిరించింది. బిగించే వేళకు ఈయన గొట్టం అందుకోబోతే, "హటో అన్నియ్యా, తప్పుకో! నువ్వు ముట్టుకుంటే మల్లీ ఇరిగిపోద్ది" అని గదిమింది. ముందు వేళ్ళతో అన్నీ తిప్పి, తర్వాత ఒక్కొక్కదాన్ని పానాతో కొంచెం కొంచెం బిగించింది. నూనె ఆగిపోయింది! నా తాంబాళం ఇంట్లోకి తిరిగి వచ్చింది. నేను ఆ పిల్లను కౌగిలించుకుని, రిక్షా అతనికి మాత్రం రావద్దని చెప్పలేదు. నీళ్ళ లీకు అలాగే ఉంది గదా.

ఈలోగా ఇంట్లో ఇంకో తగువు. మా అత్తగారు శ్రీకాకుళం వైపు పల్లెలో పుట్టి, పెద్దయ్యాక బాప్తిస్మం తీసుకున్న మనిషి. ఆదివారం తప్పకుండా చర్చికి వెళ్ళేది. కానీ కూతురికి పసుపు ముట్టకుండా పెళ్ళేమిటని ఆవిడ బాధ. "ఊరంతా సూడక్కర్నేదురా, కాలిబొటనేలికి రవ్వంత రాత్తాను" అని బతిమాలింది. మావారు సంఘపెద్దల్లో ఒకరు. అయ్యగారు ఏమంటారు, పాత ఆచారాలు మనకెందుకు, అని కొట్టిపారేశారు. పాస్టరుగారిని మేము అయ్యగారనే పిలిచేవాళ్ళం. ఆవిడ గోడవైపు తిరిగి బియ్యం ఏరుకుంటూ కూర్చుంది. కొత్త కోడలిని, నేనేం చెప్పగలను, ఇంకో చేట తెచ్చుకుని ఆవిడ పక్కన కూర్చున్నాను.

పెళ్ళినాడు పొద్దున్న పెరట్లో పొయ్యిల మీద వంట సాగుతోంది. పులుసులోకి పసుపు కావాలని కేకేశారు. డబ్బా తీస్తే అడుగు కనబడుతోంది. నింపి పెట్టిన డబ్బా! ఇల్లంతా వెతికి వరండాలోకి వస్తే, మావారు కొత్త సూటు మీద పసుపు దులుపుకుంటూ కారు ముందు నిలబడి ఉన్నారు. రేడియేటరులో చిన్న కారుడు ఉంటే చిటికెడు పసుపు వేస్తే పూడుకుంటుందని లారీ డ్రైవర్లు ఎవరో చెప్పారట. "చిటికెడు వేశారా?" అన్నాను. "సిటికెడు ఏటికి సాల్తాది? మొత్తం ఏసీసినాను. ఇంక బొట్టు రాలదు, సూడు" అన్నారు. నిజమే, బొట్టు రాలలేదు. ఈయనకు కొంచెం అన్న మాట పుట్టుకతోనే తెలియదు. నేను నెత్తి కొట్టుకుని పక్కింటికి పసుపు బదులుకు పరిగెత్తాను.

కారు బయలుదేరింది. ముందు ఈయన, పక్కన నేను, వెనక పెళ్ళికూతురు, అత్తగారు. మా వెనకే, ఎందుకైనా మంచిదని, ఖాళీ రిక్షా. పొగ లేదు, వాసన లేదు, మేలుముసుగు నలగలేదు. మావారి వీపు గర్వంతో నిటారుగా ఉంది. చర్చి గేటు కనబడుతుండగా ఇంజను ముందునుంచి ఆవిరి లేచింది. పసుపు ముద్దకట్టి నీళ్ళు కదిలే దారులన్నీ మూసేసింది కాబోలు. అయినా అలాగే మూలుగుతూ గేటు దాకా వచ్చి ఆగింది. అంతా దిగాం. పెళ్ళికూతురు దూరంగా వెళ్ళి కుచ్చెళ్ళు సర్దుకుంటోంది. కాసేపు చల్లారనివ్వండని నేను అరుస్తూనే ఉన్నాను, ఈయన జేబురుమాలు చుట్టుకుని రేడియేటరు మూత తిప్పేశారు.

పచ్చటి నీళ్ళు ఫౌంటెనులా లేచాయి. ఈయన చెయ్యి చురుక్కుమంది, సూటు మారిపోయింది. గాలికి చల్లారిన తుంపర వెళ్ళి తెల్లచీర మీద, బుగ్గ మీద, పాదాల మీద పడింది. గేటు దగ్గర మగపెళ్ళివారు, మెట్ల మీద అయ్యగారు, అందరూ చూశారు. ఆ పిల్ల ఏడుస్తుందేమోనని నేను కొంగు పట్టుకుని తుడవబోయాను. అప్పుడు అత్తగారు నెమ్మదిగా కూతురి దగ్గరకు నడిచి, బుగ్గ మీది చుక్కను బొటనవేలితో అద్ది, వంగి, ఆ పిల్ల కాలికి రాసింది.

"నానడిగితే మీరియ్యనేదు. బండి ఇచ్చినాది" అంది కొడుకు వంక చూడకుండా.

పెళ్ళికూతురు పకపకా నవ్వింది. అయ్యగారు గొంతు సవరించుకుని, వేళవుతోంది లోపలికి రండి అన్నారు. ఆ చీరతోనే పెళ్ళయింది. మావారు ఒక చెయ్యి తడిగుడ్డలో చుట్టుకుని, రెండో చేత్తో చెల్లెల్ని నడిపించుకుంటూ వెళ్ళారు. ఆయన కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను. చూడనట్టు ఊరుకున్నాను, అసలే నాకు కోపం తగ్గలేదు.

ఆ చీరను అలాగే దాచమని అత్తగారు ఎంతో చెప్పింది. కానీ వియ్యాలవారింట్లో ఎవరో ఉతికి ఎండలో ఆరేశారు. ఎండకు పసుపు నిలుస్తుందా, మచ్చ లేకుండా పోయింది. ఆవిడ పోయేదాకా ఆ చీర తెప్పించుకుని వెలుతురుకు పట్టి వెతుక్కునేది. ఇక మా వరండాలో కారు కింద పడిన నూనె మరకను నేను బూడిదతో, సోడాతో, ఇటుకముక్కతో క్వార్టరు ఖాళీ చేసేదాకా తోముతూనే ఉన్నాను. అది చెక్కు చెదరలేదు. ఉంచమన్నది తీసుకుపోతుంది, పొమ్మన్నది ఉంచేస్తుంది. కాలం కూడా మావారిలాంటిదే, చెబితే వినే రకం కాదు.