ప్రహరీ గోడలో చిన్న గేటు

పెద్దసారు పోయారు. సోమవారం పొద్దున నేను నాలుగో తరగతి హాజరు పిలుస్తుండగా చేవెళ్ల నుంచి వాళ్ల అల్లుడు ఫోన్ చేశాడు. "మేడం, మా మామ ఇగ లేడు. తెల్లారంగ ఛాతిల బరువున్నదన్నడు. దవాఖానకు పొయ్యేదాక గూడ ఆగలేదు," అన్నాడు. నేను ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని కిటికీలోంచి ఎదుటి గోడ వైపు చూశాను. అది నాకు అలవాటు. ఆ గోడకున్న చిన్న గేటు దగ్గర ఒక నల్ల గొడుగు పైకి లేచిందంటే పల్లె పిల్లలు వస్తున్నారని, ప్రార్థన కాసేపు ఆపాలని గుర్తు. ఆ గొడుగు అక్కడ కనిపించక చాలా నెలలైంది. అయినా చూశాను.

గుండెపోటు అన్నారట డాక్టర్లు. నేను కాదనను. ఆ గుండెను ఎండలో, వానలో లారీల పక్కన నడిపించింది ఏమిటో మాత్రం నాకు తెలుసు.

మీలో చాలామంది ఆయనను ఎరగరు. మొయినాబాద్ మండలంలో చిన్న మంగళారం దాటి, రోడ్డు దిగి లోపలికి పోతే ఒక చిన్న పల్లె వస్తుంది. అక్కడి ప్రాథమిక పాఠశాలకు ఆయన హెడ్మాస్టరు. బడిలో ఉన్నది ఇద్దరమే, ఆయనా, నేనూ. అయినా పిల్లలకు ఆయన పెద్దసారు, నేను చిన్న మేడం. ఆయన సొంతూరు ముడిమ్యాల. రోజూ బస్సులో వచ్చేవారు. మనిషి బక్కగా, పొడుగ్గా ఉండేవారు. చొక్కాకు ఇస్త్రీ తప్పేది కాదు. జేబులో ఎప్పుడూ వేయించిన పల్లీలు ఉండేవి. పిల్లలు పారేసిన పెన్సిల్ ముక్కలు ఏరి అదే జేబులో వేసుకునేవారు కాబట్టి, ఆయన పెట్టే పల్లీలకు పెన్సిల్ వాసన ఉండేది. చాక్‌పీసు విషయంలో పరమ పిసినారి. గోరంత ముక్కతో బోర్డంతా నింపి, మిగిలిన పొడిని కూడా దాచుకునే రకం అని నేను ఏడిపించేదాన్ని.

ఆయన బడి గంట టైముకు కొట్టనిచ్చేవారు కాదు. ఆఖరి పిల్ల వచ్చేదాకా రోడ్డు మీద నిలబడి చూసేవారు. నాకేమో కోపం ఎక్కువ. గడియారం చూపించి గొణిగేదాన్ని. "గడియారం ఇంటికాడ బోళ్లు తోమి రాలేదు గద మేడం," అనేవారు నవ్వుతూ. నేను టీచరుగా నేర్చుకున్న మొదటి పాఠం అదే. దాని తర్వాత ఆలస్యంగా వచ్చిన ఏ పిల్లనూ బయట నిలబెట్టలేదు నేను.

మా బడికి మంచిరోజులు రాలేదని కాదు. దేశంలో ప్రతి పిల్లా బడిలోనే ఉండాలని ఢిల్లీలో అనుకున్నారు. దాంతో మాకు ఒక కొత్త గది వచ్చింది. మధ్యాహ్నం వేడన్నం వచ్చింది. గదికి సున్నం వేసిన రోజు పెద్దసారు చెప్పులు బయట విడిచి, లోపలికి వెళ్లి, గోడల్ని అరచేత్తో తడిమారు. చేతికంటిన సున్నం నాకు చూపించి, "ఢిల్లీకి మన ఊరు యాదికొచ్చింది మేడం," అన్నారు. పండగ బట్టలు కట్టుకున్న పిల్లాడి మొహం.

ఆ రోజుల్లోనే హైదరాబాదుకూ మా ఊరు గుర్తొచ్చింది. గచ్చిబౌలిలో, మాదాపూర్‌లో అద్దాల మేడలు లేచాయి. వాటిలో పనిచేసేవాళ్లకు శని, ఆదివారాలు గాలి పీల్చుకోవడానికి తోటలు కావలసి వచ్చాయి. జొన్న చేలూ టమాటా మడులూ ఫాంహౌసులైపోయాయి. భూమి అమ్ముకున్నవాళ్లు పిల్లల్ని మొయినాబాద్‌లోని ఇంగ్లీషు మీడియం బడుల్లో వేశారు. పొద్దున్నే పసుపుపచ్చ బస్సు పల్లెలోకి వచ్చి హారన్ కొట్టేది. మా బడికి మిగిలింది అమ్ముకోవడానికి గుంట భూమి లేనివాళ్ల పిల్లలు. మేకలు కాసేవాళ్ల పిల్లలు, ఇటుకబట్టీలకు పోయేవాళ్ల పిల్లలు, ఆ ఫాంహౌసుల్లోనే కలుపు తీసేవాళ్ల పిల్లలు.

అప్పుడు ఇంకో ఉత్తర్వు వచ్చింది. పిల్లలు తక్కువైన బళ్లను దగ్గర్లోని పెద్ద బడిలో కలిపేయాలి. అది చెడ్డ ఆలోచన అని ఇవాళ్టికీ నేను అనను. గోడకు అవతలున్న పెద్దూరి బడిలో తరగతికో టీచరు ఉన్నారు, నల్లాలో నీళ్లున్నాయి, ఆడపిల్లలకు మరుగుదొడ్డి ఉంది. మా పల్లె నుంచి అక్కడికి పిల్లలు నడిచిపోయే దూరమే అన్నారు. అదీ నిజమే, చేల మధ్యనున్న బండ్లబాట మీద పోతే. కానీ బాటకు ఇటూ అటూ ఉన్న చేలన్నీ అప్పటికే ఒకే ఫాంహౌసులో కలిసిపోయాయి. బాటను కూడా లోపలేసుకుని చుట్టూ ప్రహరీ కట్టేశారు. ఇక గోడ చుట్టి, లారీలూ టిప్పర్లూ తిరిగే పెద్దరోడ్డు ఎక్కి పోవాలి. ఢిల్లీ వాళ్ల లెక్కలో ఆ గోడ లేదు.

తనిఖీకి వచ్చిన అధికారిని పెద్దసారు నేరుగా ఆ గోడ దగ్గరికి తీసుకుపోయారు. "సార్, బడి గదో, గాడ కనబడ్తున్నది. జర గోడెక్కి దుంకుండ్రి, పోదాం," అన్నారు ఎంతో మర్యాదగా. అధికారి నవ్వాడు. మంచివాడే పాపం. "నా చేతుల ఏమున్నది సారు? పైనుంచి వచ్చింది," అని జీపెక్కాడు. వేసవి సెలవుల తర్వాత మా బడి తలుపు తెరుచుకోలేదు. నన్ను పెద్దూరి బడికి పంపారు. పెద్దసారు అదే ఏడు రిటైరయ్యారు.

రిటైరైన మనిషి ఇంట్లో కూర్చోవాలి కదా. ఈయన మళ్లీ అదే బస్సెక్కి వచ్చారు. ఎందుకంటే మంజుల తల్లి ఆయనకు మొహం మీదే చెప్పింది. మంజుల మా మూడో తరగతి పిల్ల. లెక్కలంటే ప్రాణం. నేను బోర్డు మీద లెక్క రాయడం పూర్తికాకముందే జవాబు చెప్పి నన్ను విసిగించేది. వాళ్లమ్మ మేకలు కాస్తుంది. "నీ మీద నమ్మకమే సారు, లారీల మీద లేదు. రోడ్డు మీదికెల్లి అయితే నా బిడ్డను తోల," అంది. రోడ్డు మీదుగా పంపేది లేదని మిగతా తల్లులదీ అదే మాట.

పెద్దసారు ప్రతి ఆదివారం ఫాంహౌసు ముందు నిలబడటం మొదలుపెట్టారు. ఆ ఇంటివాళ్లది కోస్తా వైపు. భార్యాభర్తలిద్దరూ సాఫ్ట్‌వేరు ఉద్యోగులు. ఒక ఆదివారం నేనూ వెంట వెళ్లాను, ఆయన మెతకగా మాట్లాడితే నేను గట్టిగా అడుగుదామని. ఆ అవకాశమే రాలేదు నాకు. ఆయన కుర్చీలో కూర్చోకుండా, "అమ్మా, గీ గోడకు ఇటొక చిన్న గేటు, అటొక చిన్న గేటు పెట్టియ్యుండ్రి. పొద్దున ఒకపారి, సాయంత్రం ఒకపారి పిల్లలు పోతరు. ఒక్క ఆకు ముట్టరు, నాది పూచీ," అన్నారు.

ఆ ఇంటావిడ మొరుగుతున్న కుక్కల్ని అదిలించింది. "మాకేం అభ్యంతరం లేదు మాస్టారూ. కుక్కలుంటాయి కదండీ, పిల్లలకేమన్నా అయితే మా మీదికొస్తుంది. పెద్దవాళ్లెవరైనా వెంట ఉంటారా?" అంది.

"నేనుంట," అన్నారు పెద్దసారు.

నెల తిరక్కుండా ఇనుప ఊచల గేట్లు రెండు పెట్టించారు వాళ్లు. ఆ దంపతుల మేలు నేను మరిచిపోను. ఆ రోజు నుంచి పెద్దసారు పొద్దున బస్సు దిగి పల్లెకు పోవడం, పిల్లల్ని వెంటబెట్టుకుని మామిడిచెట్ల కింద నుంచి నడిపించుకు రావడం, ఇటు గేటు దగ్గర గొడుగు ఎత్తడం. నేను హెడ్మాస్టరు గారిని బతిమాలి గంట ఆపించడం. కుక్కలు కూడా ఆయన పల్లీలు మరిగి తోకాడించేవి. అందరూ దాటాక ఆఖరున ఆయన వచ్చి, గేటు గొళ్లెం తన చేత్తోనే పెట్టేవారు. మంజుల ఐదో తరగతికి వచ్చింది. ఆరో తరగతిలో హాస్టలుకు పంపుదామని మేమిద్దరం రహస్యంగా అనుకునేవాళ్లం. అంత సంతోషంగా నేను ఎప్పుడూ ఉద్యోగం చేయలేదు.

తర్వాత ఆ దంపతులకు బెంగుళూరు బదిలీ అయింది. తోట అమ్మేశారు. కొన్నది ప్లాట్లు చేసే కంపెనీ. ఒకరోజు పిల్లలు వచ్చేసరికి గేటుకు వెల్డింగ్ చేసి ఉంది. అతుకు పెట్టినచోట ఇనుము ఇంకా నల్లగా ఉందట. పెద్దసారు పిల్లల్ని ఇళ్లకు పంపించి, సాయంత్రం నా దగ్గరికి వచ్చి, "గొళ్లెం నేను సరిగ్గనే పెట్టిన గద మేడం?" అని అడిగారు. నాకు ఏడుపొచ్చింది. తన తప్పేమన్నా ఉందేమోనని వెతుక్కుంటున్నాడు ఆ మనిషి.

కంపెనీ ఆఫీసు గచ్చిబౌలిలో ఉంటే అక్కడికీ తిరిగారు. సెక్యూరిటీ వాళ్లు లోపలికి పోనివ్వలేదు. "ఏం జెప్పాలె మేడం, అపాయింట్‌మెంట్ ఉన్నదా అన్నరు. ఉద్యోగమైతే అయిపోయింది, మల్ల అపాయింట్‌మెంట్ ఎవలిస్తరు అన్న," అని నవ్వించబోయారు. నేను నవ్వలేదు. మండలంలో అర్జీ పెడితే, బళ్లు కలపడం పైవాళ్ల పని, గోడ ప్రైవేటు వాళ్లది అన్నారు. "గంత పెద్ద పథకంల ఒక్క గేటు పట్టదా మేడం?" అన్నారు ఆయన. ఆయన నోట నేను విన్న ఒకే ఒక్క ఫిర్యాదు అది.

ఇక రోడ్డు మీదుగానే తీసుకొచ్చారు. లారీల వైపు తాను, కంచె వైపు పిల్లలు. ఎండలో ఆయన పెదవులు ఆరిపోయేవి, వానలో ఇస్త్రీ చొక్కా ఒంటికి అతుక్కుపోయేది. గొడుగు మాత్రం చిన్నపిల్లల మీదే ఉండేది. "సార్, మీ ఆరోగ్యం చూసుకోండి," అంటే, "ఫికర్ జేయకుండ్రి, బడికొస్తే నాకే మంచిగుంటది," అనేవారు. ఒక టిప్పరు కంకర జల్లుకుంటూ పోయి ఒక పిల్లాడి నుదురు చిట్లింది. ఆ మరునాటి నుంచి తల్లులు ఒక్కొక్కరే మానేశారు. మంజుల తల్లి ఆయన్ను వాకిట్లోనే ఆపింది. "గేటున్నన్ని దినాలు తోలిన సారు. ఇగ తోల. ఒక్కతే బిడ్డ నాకు. బడి లేకున్నా బతుకుతది," అంది. ఆమెను నేను ఒక్క మాట అనలేను. పెద్దసారూ అనలేదు. జేబులోంచి పల్లీలు తీసి మంజుల చేతిలో పోసి వచ్చేశారు. చివరికి ఇద్దరో ముగ్గురో మిగిలారు. వాళ్ల కోసమే ఆయన పోయేముందటి శనివారం దాకా బస్సెక్కారు.

అంత్యక్రియలు ముడిమ్యాలలో అయ్యాయి. పల్లె నుంచి ఆడవాళ్లు ఆటో కట్టించుకుని వచ్చారు. మంజుల తల్లి అందరికన్నా ఎక్కువ ఏడ్చింది. మా పెద్దూరి బడిలో మాత్రం ఆ వారమంతా గంట సరిగ్గా టైముకే మోగింది. ఆగాల్సిన పని లేదు. పల్లె నుంచి ఇప్పుడు ఎవరూ రావడం లేదు.

నిన్న సాయంత్రం ఒక్కదాన్నే పల్లెకు వెళ్లాను. మా పాత బడికి తాళం వేసి ఉంది. కొత్త గది కిటికీలోంచి చూస్తే లోపల ఎవరివో సిమెంటు బస్తాలు పేర్చి ఉన్నాయి. అక్కడి నుంచి గోడ దగ్గరికి నడిచాను. మంజుల మేకలతో అక్కడే ఉంది. నన్ను చూసి లేచి నిలబడి, "నమస్తే మేడం," అంది, తరగతిలో చెప్పినట్టే. నేను వెళ్లి వెల్డింగ్ చేసిన గేటు దగ్గర ఆమె పక్కన నిలబడ్డాను.

గేటు అవతల గడ్డి మోకాలెత్తు పెరిగింది. మంద నుంచి ఒక మేకపిల్ల విడిపడి, ఊచల మధ్య తల పెట్టి, ఒళ్లు ముడుచుకుని అవతలికి దూరిపోయింది. మామిడిచెట్ల కింద, పాత బాట మీద, పెద్దూరి బడి వైపు గెంతుకుంటూ పోయింది. మంజుల రెండు చేతులతో ఊచలు పట్టుకుని, ఇవతలే నిలబడి దాన్ని వెనక్కి పిలుస్తోంది.