బోర్డు మీద పదకొండో వరస

కొత్తపేటలో నా సెల్ రీఛార్జి కొట్టు బయట ఒక నల్లబోర్డు ఉంది. ప్రతి శనివారం పొద్దున్నే దాన్ని తుడిచి, ఆ వారం నా దగ్గర ఎక్కువమంది పెన్‌డ్రైవ్‌లో ఎక్కించుకున్న పది ఆల్బమ్‌ల పేర్లు వరసగా రాస్తాను. కొత్తగా జాబితాలోకి వచ్చినదాని పక్కన చుక్క పెట్టి, అది విని, నాకేమనిపించిందో ఒక్క ముక్కలో రాస్తాను. రాయమని ఎవరూ అడగలేదు. పదకొండేళ్ళుగా రాస్తున్నాను.

పాటలన్నీ ఫోన్లో దొరుకుతుంటే ఇంకా పెన్‌డ్రైవ్‌లు ఎవరికని అడుగుతుంటారు. ఆటోలకు కావాలి. ట్రాక్టర్లకు, కొబ్బరికాయల లారీలకు, సిగ్నల్ సరిగా అందని రొయ్యల చెరువుల దగ్గర కాపలా ఉండేవాళ్ళకు కావాలి. ఫోన్లో వచ్చే జాబితాలు ఎన్నిసార్లు విన్నారో లెక్క కడతాయి. ఒకడే కూర్చుని వందసార్లు వింటే అది వంద. నా లెక్క మనుషులది. ఒక మనిషి, ఒక ఆల్బమ్, నోటుపుస్తకంలో ఒక గీత. నా చదువు తొమ్మిదో తరగతితో ఆగింది. సగటు తీయడం పేపర్లో క్రికెట్ స్కోర్లు చూసి, శాతాలు కట్టడం ఎన్నికల ఫలితాల పేజీ చూసి నేర్చుకున్నాను. బేరగాళ్ళు నన్ను లెక్కల మేష్టారని పిలుస్తారు. అందులో సగం వెక్కిరింతే.

ఒక సినిమా ఆల్బమ్ రాగానే మొదటి స్థానానికి వెళ్తే, ‘ఆరు పాటల్లో నాలుగు ఒకటే పాట’ అని రాశాను. రెండో వారానికి ఆరో స్థానానికి దిగింది. ఒక జానపదాల ఆల్బమ్‌కి ‘డప్పు బాగుంది, అది కాస్త పక్కకు జరిగితే మాటలు కూడా వినపడతాయి’ అన్నాను. రాజోలు వైపు కుర్రాడొకడు పాడిన క్రైస్తవ గీతాలు వచ్చినప్పుడు, ‘గొంతు మంచిది. చరణం మొదట్లో ఊపిరి తీసిన చప్పుడు వినిపిస్తోంది, మైకు దూరం పెట్టుకోవాలి’ అని రాశాను. మధ్యాహ్నం క్యారేజీ తెచ్చిన నా భార్య అది చదివి, క్యారేజీ కింద పెట్టకుండానే అడిగింది.

“ఊపిరి తియ్యకుండా పాడేదెవరండీ? మీరెప్పుడైనా పాడేరా?”

“నేను పాడను. లెక్క రాస్తాను.”

“అదే చెప్తున్నా. ఓసారి పాడి, అప్పుడు రాయండి.”

ఆమె మా చర్చి సంఘంలో స్త్రీల క్వయర్‌లో పాడేది. తొమ్మిదిమంది ఉండేవారు. మొన్న ఎండాకాలంలో అమలాపురం వెళ్ళి ఏడు పాటల ఆల్బమ్ రికార్డు చేశారు. మూడో పాట ఆమె ఒక్కతే పాడింది. ఆల్బమ్ బయటికి రాకముందే వానాకాలంలో జబ్బుపడింది. కాకినాడ ఆసుపత్రిలో పదిహేడు రోజులు ఉన్నాం. పదకొండో రోజున అనుకుంటాను, సెలైన్ సీసా వైపు చూస్తూ అంది.

“మాది వచ్చేక మీ బోర్డు మీద ఎన్నోదవుద్దండీ?”

“వచ్చేక చూద్దాం.”

“నా మొహం చూసి పైకెక్కించొద్దు. మీ లెక్కకే రావాలి. వస్తే ఒక మాట రాయండి. రాకపోతే ఊరుకోండి.”

సరేనన్నాను. ఆరు రోజుల తర్వాత పోయింది. భూస్థాపన అయిన మర్నాటి మర్నాడు కొట్టు తీశాను. ఇంట్లో ఉన్నా చేసేదేమీ లేదు. అన్నం ఎప్పటిలాగే తిన్నాను, నిద్ర ఎప్పటిలాగే పట్టింది. జనం నా మొహంలోకి చూసి ఏదో వెతికేవారు. వాళ్ళకు దొరికిందో లేదో నాకు తెలియదు.

ఆల్బమ్ మూడు వారాల తర్వాత ఒక ఆదివారం ఆరాధన అయ్యాక విడుదల చేశారు. సోమవారం నుంచి కొట్టుకు మనుషులు రావడం మొదలైంది. వచ్చినవాళ్ళు కాసేపు నిలబడి, వానల గురించి మాట్లాడి, “అదొకటి ఎక్కించండి” అనేవారు. ఒకాయన పెన్‌డ్రైవ్ లేకుండానే వచ్చాడు. ఇంకొకాయనకు రెండు చెవులూ వినపడవు. శుక్రవారానికి ముప్ఫై ఒక్క గీతలయ్యాయి. ఆ వారం మొదటి స్థానంలో ఉన్నదానికి ఇరవై రెండే.

గీతలు ఎవరెవరివో నాకు గుర్తే. ముప్ఫై ఒక్కమందిలో ఇరవై ఆరుగురు భూస్థాపనకు వచ్చినవాళ్ళు. పరామర్శకు వచ్చి ఊరికే వెళ్ళలేక పాటలు ఎక్కించుకున్నారు. వాళ్ళను తీసేశాను. మిగిలిన ఐదుగురిలో ముగ్గురు క్వయర్ వాళ్ళ చుట్టాలు. వాళ్ళనూ తీసేశాను. రెండు మిగిలాయి. పదో స్థానానికి తొమ్మిది ఉన్నాయి. శనివారం ఆ ఆల్బమ్ లేకుండానే బోర్డు రాశాను.

క్వయర్‌ని నడిపించే ఆవిడ రిటైరైన టీచరు. నేను అక్కగారు అంటాను. ఆవిడ సంచీతో వచ్చి బోర్డు పైనుంచి కిందికి, కిందినుంచి పైకి చదివారు.

“ముప్ఫైమంది తీసుకున్నారంట కదా. మాది లేదేం తమ్ముడూ?”

“ముప్ఫై ఒకటండి. వాళ్ళు పాటల కోసం రాలేదండి.”

“మరి దేనికొచ్చేరు?”

“నన్ను చూడ్డానికొచ్చేరు.”

“అయితే నిన్ను చూడ్డానికొచ్చినోళ్ళకి ఇంకో బోర్డు పెట్టు. అందులో నువ్వే ఫస్టు.”

నేను నోటుపుస్తకం తీసి చూపించబోయాను. ఆవిడ చూడలేదు. “ఇంట్లో మనిషి దగ్గర కూడానా తీసివేతలు” అని వెళ్ళిపోయారు. ఆసుపత్రిలో నా భార్య ఏం అడిగిందో, నేను దేనికి సరేనన్నానో అక్కగారికి చెప్పలేదు. చెప్పాలని తోచలేదు.

తర్వాతి గురువారం మధ్యాహ్నం ఐ.పోలవరం నుంచి ఒకతను వచ్చాడు. రొయ్యల చెరువుల మీద పని. చేతిలో చిన్న స్పీకరు డబ్బా, దానికో పెన్‌డ్రైవ్.

“మొన్న ఇక్కడికి ఆటోలో వస్తుంటే ఓ పాటిన్నానండి. ప్రభువు పాట. ఆడమనిషి ఒక్కర్తీ పాడిందండి. అడిగితే మీ కొట్లో ఉంటదన్నాడు, మూడోదన్నాడు.”

“మొత్తం ఏడున్నాయండి.”

“ఏడొద్దండి. మూడోదొక్కటే. ఈ డబ్బాకి వేసిందే మళ్ళీ వెయ్యడం రాదండి, ముందుకే పోద్ది. ఆ ఒక్కటీ ఓ నలభై సార్లెక్కించండి.”

ఇలా అడిగేవాళ్ళు ఉంటారు. ఒకే పాటను వరసగా ఎక్కిస్తూ పోతే డబ్బా దాన్నే తిప్పి తిప్పి పాడుతుంది. నలభై సార్లు ఎక్కించాను. నలభై ఎక్కించినా గీత ఒకటే.

“ఆవిడెవరో మీకు తెలుసాండి?” అన్నాడు.

“తెలుసు.”

“మంచి గొంతండి. కనపడితే చెప్పండి.”

“ఆయ్, చెప్తానండి.”

అతను వెళ్ళాక ఆటోస్టాండుకు వెళ్ళాను. అతను చెప్పిన ఆటో ఎవరిదో తెలిసింది. ఆ డ్రైవరు నేను తీసేసిన ఇరవై ఆరుగురిలో ఒకడు. మా ఇంటి ముందు కుర్చీలు వేసినవాడు. ఆ పాట రోజూ వేస్తున్నావా అని అడిగితే కంగారుపడ్డాడు.

“ఏస్తన్నానండి. మీకు బాధనుకుంటే తీసేత్తానండి.”

“ఉంచు” అన్నాను.

కొట్టుకు వచ్చి పుస్తకం తీశాను. రెండుకు డ్రైవరును, చెరువుల మనిషిని కలిపితే నాలుగు. రెండు వారాలు కలపడం నా పద్ధతి కాదు. కలిపినా నాలుగే. మిగిలిన పాతికమందిలో ఎంతమంది వింటున్నారో, ఎంతమంది వినడం లేదో తెలుసుకునే దారి లేదు. ఒక్కరినీ అడగకుండా పాతికమందీ వినడం లేదని నేనే తేల్చేశాను. పదకొండేళ్ళలో ఇంత పెద్ద తప్పు లెక్క నా పుస్తకంలో ఇంకొకటి లేదు. దిద్దడం ఎలాగో కూడా తెలియలేదు.

శనివారం బోర్డు తుడిచి పది వరసలూ రాశాను. కింద చెక్క చట్రం తప్ప జాగా లేదు. వినకుండా ఎప్పుడూ ఏదీ రాయలేదు గనుక చెవుల్లో ఇయర్‌ఫోన్ పెట్టుకుని మూడో పాట పెట్టాను. అప్పటిదాకా ఎక్కించడమే గానీ వినలేదు. ఐదు నిమిషాల పన్నెండు సెకన్లు. ఏదో ఒకటి అవుతుందనుకున్నాను. ఏమీ కాలేదు. రెండో చరణం మొదట్లో ఊపిరి తీసిన చప్పుడు వినిపించింది. వెనక్కి జరిపి మళ్ళీ విన్నాను. ఉంది.

చట్రం మీద సుద్దముక్కతో పదకొండు అని వేసి, పేరు రాసి, చుక్క పెట్టి, నాలుగు అని లెక్క కూడా రాశాను. పక్కన, ‘మూడో పాట. ఊపిరి వినిపిస్తుంది.’

పది దాటాక అక్కగారు వచ్చారు. వంగి చదివారు.

“బోర్డు పదికే కదా.”

“ఈ వారం పదకొండండి.”

“మెచ్చుకున్నావా, తప్పు పట్టేవా ఇది?”

“వినిపించింది రాసేనండి.”

ఆవిడ సంచీలోంచి పెన్‌డ్రైవ్ తీసి నా ముందు పెట్టి, ఇంట్లో ఉన్నది పోయిందని, మళ్ళీ ఎక్కించమని అన్నారు. ఎక్కించాను. గీత గీయలేదు. క్వయర్ వాళ్ళది లెక్కలోకి రాదు.