పదిహేను మంది తెలుసన్నారు

మీ ఇంట్లో బీబీఏ చదివే పిల్ల ఉంటే, ఈ వేసవి రెండు నెలలూ ఆమె చేత ఏం చేయించబోతున్నారు? షాపులో కూర్చోబెడతారా? కంప్యూటర్ క్లాసుకి పంపుతారా? పెళ్లిళ్లకు తిప్పుతారా? పరిశోధన అన్న మాట మీ నోట వస్తుందా?

రాదు. నరసరావుపేటలో కామర్స్ పాఠాలు చెప్పే నా నోటే చాలాకాలం రాలేదు. పరిశోధన అంటే తెల్లకోటు, గాజు గొట్టాలు అనుకోవడం కూడా మూఢనమ్మకమే. తాయెత్తులకు వ్యతిరేకంగా వేదికలెక్కి వాదించిన నేను ఈ నమ్మకాన్ని మాత్రం భద్రంగా కట్టుకు తిరిగాను.

రెండేళ్ల క్రితం ఒక విశ్వవిద్యాలయం నుంచి మా కాలేజీకి ఉత్తరం వచ్చింది. బిజినెస్ చదివే డిగ్రీ పిల్లలు వేసవిలో ఎనిమిది వారాలు అక్కడ ఉండి పరిశోధన నేర్చుకోవచ్చు. వసతి, భోజనం వాళ్లవే. దరఖాస్తుతో పాటు సొంతంగా చేసిన చిన్న పరిశీలన ఒకటి రాసి పంపాలి. ఇంటి పెద్ద సంతకం కావాలి. రెండో ఏడాది చదివే అమ్మాయి ఒకతె ఆ కాగితం పట్టుకొని నా దగ్గరకు వచ్చింది. వాళ్ల నాన్నకు బస్టాండు దగ్గర పురుగుమందుల షాపు.

"దేని మీద చెయ్యను సార్?"

"మందు డబ్బాల మీద రంగు గుర్తు ఉంటుందిగా, ఎంత విషమో చెప్పేది? దాని అర్థం రైతులకు తెలుసేమో అడుగు. మీ షాపులోనే కూర్చొని అడుగు."

ఆ చివరి మాటే నా తప్పు.

వారంలో పదిహేను కాగితాలు నింపి తెచ్చింది. పదిహేను మందీ తెలుసన్నారు. నాకు పట్టరాని సంతోషం వేసింది. మన రైతు మేల్కొన్నాడంటూ స్టాఫ్ రూములోనే ఉపన్యాసం మొదలుపెట్టాను. ఆ పిల్ల ముఖంలో మాత్రం సంతోషం లేదు.

"అందరూ ఒకటే మాట ఎట్టా చెప్తారు సార్? మా నాన్న కౌంటర్లోనే ఉన్నాడు. ఆయన ముందు తెలీదంటారా?"

నా ఉపన్యాసం అక్కడే ఆగింది. ప్రశ్నించండి, ప్రశ్నించండి అని ముప్పై ఏళ్లు అరిచాను. జవాబు చెప్పేవాడు ఎవరి ఎదుట నిలబడి ఉన్నాడో చూడాలని ఒక్క సభలోనూ చెప్పలేదు.

మర్నాడు టీకొట్టు దగ్గర వినుకొండ బస్సు కోసం చూస్తున్న ఒక రైతును ఆమె పలకరించింది. ఆ పదిహేను మందిలో ఆయన ఒకరు. నేను పక్కనే ఉన్నాను. ఈసారి కాగితం తీయలేదు. ఆయన సంచిలోని డబ్బా చూపించి అడిగింది.

"బాబాయ్, ఈ ఎర్ర గుర్తు ఏంది?"

"అదా? మిరపకి అమ్మాయ్. మిరపకాయ ఎరుపేగా! ఆకుపచ్చ ఉంటే కూరగాయలకి."

"మొన్న షాపులో తెలుసన్నావే?"

"మీ నాన్న ముందు తెలీదంటే ఏం బాగుంటది? మొద్దు అనుకోడూ? నువ్వు చెప్పబాక."

ఎరుపంటే అన్నిటికంటే ఎక్కువ విషమని ఆమె మెల్లగా చెప్పింది. ఆయన సంచిలోకి చూశాడు. అదే సంచిలో పిల్లల కోసం కొన్న బన్నుల పొట్లం ఉంది. దాన్ని తీసి చేత్తో పట్టుకున్నాడు.

ఆమె మరికొందరిని అలాగే, షాపుకు దూరంగా అడిగి, ఒక పేజీ రాసింది. దరఖాస్తుకు చివరి రోజు మంగళవారం. సంతకం కోసం నేనూ షాపుకు వెళ్లాను.

"వేసవిలో పత్తి విత్తనాల సీజను సార్. షాపులో ఎవరుంటారు? అయినా మంగళవారం పూట సంతకం ఏందండీ?" అన్నాడు వాళ్ల నాన్న.

"మంగళవారం మందులు అమ్ముతున్నారుగా?" అన్నాను.

ఆయన ముఖం ముడుచుకుంది. వాదనలో గెలిచాను, పని చెడగొట్టాను. ఆ పిల్ల నన్ను పక్కకు జరిపి, తన పేజీ ఆయన ముందు పెట్టింది.

"ఒక్కసారి చదువు నాన్నా."

చదివాడు. "మిరపకి అన్నాడా? ఎవరే ఆ మాట అంది?"

"చెప్పను. మాటిచ్చా."

"నా ముందు తెలుసన్నారే!"

"నీ ముందు కాబట్టే."

అంతలో ఎవరో మందు కోసం వచ్చారు. ఆయన డబ్బా ఇస్తూ, రంగు గుర్తు మీద వేలు పెట్టి అడిగాడు. "ఇదేందో తెలుసా?"

"తెలుసు, తెలుసు."

"ఏం తెలుసు?"

ఆ మనిషి తల గోక్కున్నాడు. ఎన్నో ఏళ్లుగా మందు అమ్ముతున్న ఆయన, ఆ గుర్తు అర్థం మొదటిసారి విడమరిచి చెప్పాడు. తర్వాత కూతురి వైపు తిరిగాడు.

"ఏమే, పెన్ను ఏదే?"

సంతకం పెడుతూ కూడా సీజను గురించి సణుగుతూనే ఉన్నాడు. ఆమె ఎంపికైంది. మే నెలలో ఆమెను బస్సెక్కించింది ఆయనే.

ఇలాంటి కాగితం మీ పిల్ల తెస్తే వారం, వర్జ్యం చూడకుండా సంతకం పెట్టండి. తేకపోతే, రేపే వాళ్ల కాలేజీకి వెళ్లి, వేసవి పరిశోధన అవకాశాల గురించి పిల్లలకు చెప్పారా అని అడగండి. చెప్పామంటారు. అది విని తిరిగి రాకండి. ఏం చెప్పారో చెప్పేదాకా అక్కడే నిలబడండి.